ఎవరి పేరు మీద దుకాణం?

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అమ్మీ పెళ్ళికి నానా కొనిచ్చింది. అందులో బంగారం ఎప్పుడూ లేదు. కాగితాలుంటాయి. రేషను కార్డులు, ఇంటి పన్ను రసీదులు, ఓటరు కార్డులు, అబ్బా చనిపోయినప్పటి సర్టిఫికెట్, మా బి.ఏ. మార్కుల జాబితా, భాయ్ పాస్‌పోర్టులు మూడు. తురకల ఇళ్ళల్లో నగల పెట్టె కంటే కాగితాల పెట్టెకే కాపలా ఎక్కువ. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు నంద్యాలలో మా వీధి వీధంతా ఇట్లాంటి పెట్టెలు తెరుచుకుంది. తాతల పేర్లలో అక్షరాలు సరిపోయాయో లేదో చూసుకుంది. ఎవరూ అడగకముందే జిరాక్సులు తీయించి పెట్టుకుంది.

మొన్న ఆ పెట్టె మళ్ళీ తెరిచాం. ఈసారి తెరిపించింది సర్కారు కాదు, మా భాయ్ కొడుకు. షార్జాలో ఒక అబాయాల దుకాణంలో మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు. సెలవు మీద వచ్చాడు. వచ్చిన మూడో రోజు, అందరం దస్తర్‌ఖాన్ దగ్గరున్నప్పుడు, "చాచా, ఘర్ కే కాగదాఁ కాఁ హై?" అని అడిగాడు. ఇల్లు కుదవ పెట్టి దుబాయిలో సొంతంగా దుకాణం పెట్టాలని వాడి ఆలోచన. అబాయాలు, మగ్గం వర్కు బ్లౌజులు కుట్టే దుకాణం. అక్కడి తెలుగు ఆడవాళ్ళు ఒక్క బ్లౌజు కోసం ఊరికి పోయేవాళ్ళ చేతుల్లో గుడ్డలు పంపి నెలలు నెలలు ఎదురు చూస్తారని చెప్పాడు. లైసెన్సు వాడి పేరు మీదే వస్తుందట. కఫీల్ అక్కర్లేదట.

కఫీల్ అన్న మాట వినగానే భాయ్ తినడం ఆపేశాడు. ఏం మాట్లాడలేదు. వాడు మావైపు చూశాడు. మేం చదువుకున్నవాళ్ళం. పగలు తెలుగు పత్రికకు వార్తలు రాసి, రాత్రి ఉర్దూ పత్రికకు అనువాదాలు చేసి బతికినవాళ్ళం. ఏ భాషలో కాగితమొచ్చినా చదివి చెప్పాల్సింది మేమే.

ఆ రాత్రి కాగితాలు చదువుతూ కూచుంటే ఒక సంగతి తట్టింది. మా ఇంట్లో అబ్బా ఒక దుకాణం పెట్టాడు. భాయ్ ఒక దుకాణం పెట్టాడు. ఇద్దరివీ కలిపితే నలభై నాలుగేళ్ళ వ్యాపారం. కానీ ఈ పెట్టెలో వాటి తాలూకు కాగితం ఒక్కటీ లేదు.

*

అబ్బా దుకాణం ఆళ్ళగడ్డలో ఉండేది. ఆళ్ళగడ్డ అంటే బయటివాళ్ళకు రెండు సంగతులు తెలుసు. ఒకటి శిల్పులు. రాతిలోంచి దేవుళ్ళను తీసి దేశమంతా పంపుతారు. రెండోది ఫ్యాక్షన్. మాకు మాత్రం ఆళ్ళగడ్డ అంటే అబ్బా మిషను చప్పుడు. అహోబిలం తిరునాళ్ళకు ముందు నెలంతా ఆ చప్పుడు తెల్లారిందాకా ఆగేది కాదు.

దుకాణం ఒక పెద్దాయన ఇంటి వసారాలో. అద్దె లేదు. అగ్రిమెంటు లేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ రవికెలు, పిల్లల చొక్కాలు, తలగడ గలీబులు ఊరికే కుట్టిపెట్టాలి. ఎన్నికలొస్తే జెండాలు కుట్టాలి. ఓటు ఎవరికేయాలో అబ్బా ఎప్పుడూ అడగలేదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు గనక. ఆయన మంచివాడే. రంజాన్‌కు ఖర్జూరాలు పంపేవాడు. అమ్మీకి జబ్బు చేస్తే తన జీపులో నంద్యాల ఆస్పత్రికి పంపాడు. "సాయిబూ, నేనుండంగ నీకేం భయం?" అనేవాడు. నిజంగానే ఆయన ఉన్నన్నాళ్ళూ ఏ భయమూ లేదు.

బోర్డు మీద 'శ్రీ లక్ష్మీనరసింహ టైలర్సు' అని ఉండేది. ఆ పేరు పెట్టమని పెద్దాయన అన్నాడు. అబ్బా సరేనన్నాడు. ఆ పేరు మీద అబ్బాకు కష్టం లేదు. అహోబిలం నరసింహుడు ఆ చుట్టుపక్కల అందరివాడే. మాకూ ఆ పేరు మీద కోపం లేదు. కానీ ఇప్పుడాలోచిస్తే ఒకటి అర్థమవుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళు కుట్టిన మనిషి పేరు ఆ బోర్డు మీద ఏ మూలా లేదు.

1995లో పెద్దాయన పోయాడు. వాళ్ళబ్బాయిలు ఆ ఇల్లు పడగొట్టి షాపులు కట్టాలనుకున్నారు. పది రోజుల గడువిచ్చారు. వాళ్ళ తప్పని మేం అనం. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం. మాకు చూపడానికి ఒక్క చీటీ లేదు. అబ్బా రెండు మిషన్లూ కత్తిరింపు బల్లా లారీకెక్కించి నంద్యాల వచ్చేశాడు. నలభై కిలోమీటర్లు దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదని అమ్మీ చెప్పేది. ఆ బోర్డు మాత్రం తెచ్చాడు. చాలాకాలం అది మా పెరట్లో కోళ్ళగూటికి తలుపుగా ఉండింది.

*

ఆ మరుసటేడు భాయ్ కువైత్ పోయాడు.

మాకు కువైత్ కొత్త కాదు. మా చిన్న మామూ అక్కడే డ్రైవరు పని చేసేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైత్‌ను ఆక్రమించుకుంది. మామూ ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కణ్ణించి విమానంలో బొంబాయి వచ్చిపడ్డాడు. అప్పట్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళను ఎయిరిండియా విమానాల్లో వెనక్కి తెచ్చారు. మామూ తెచ్చుకున్నది ఒక సంచి. ఏడాదిన్నర తిరక్కుండానే మళ్ళీ పోయాడు. రాయలసీమ కరువు మనిషిని ఎంత దూరమైనా తరుముతుంది. కడప, రాయచోటి, రాజంపేట మనుషులు కువైత్‌లో ఎంతమంది ఉన్నారంటే, అక్కడి కొన్ని సందుల్లో అరబ్బీ లేకుండా తెలుగుతోనే రోజు గడిచిపోతుంది.

భాయ్‌కి దొరికింది ఇరవై నంబరు వీసా. అది ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకిచ్చేది. ఖాదిమ్ వీసా అంటారు. ఏజెంటు దాన్ని 'ఆజాద్ వీసా' అని అమ్మాడు. ఆజాద్ అంటే స్వేచ్ఛ. ఆ పేరుగల వీసా ఏ దేశపు చట్టంలోనూ లేదు. కఫీల్‌కు ఏటా ఇంత అని కడితే, అతను ఇకామా రెన్యువల్ చేయిస్తాడు. మనం బయట ఎక్కడైనా పని చూసుకోవాలి. పట్టుబడితే కఫీల్‌కు ఏమీ తెలియదు. అమ్మీ గాజులు అమ్మి కొన్న స్వేచ్ఛ అది. పదో తరగతి తప్పినవాడు గనక భాయ్ పాస్‌పోర్టు మీద వలస అనుమతి తప్పనిసరి అన్న ముద్ర కూడా ఉంది. 1983 నాటి మన వలస చట్టానికి కూడా భాయ్ కూలీగానే కనిపించాడు. ఈ మనిషి రేపు నలుగురికి పని ఇస్తాడేమో అన్న ఆలోచన ఇక్కడి చట్టానికీ లేదు, అక్కడి చట్టానికీ లేదు.

2001లో ఊరికొచ్చి, కొత్త వీసా మీద మళ్ళీ పోయాడు. ఈసారి పద్దెనిమిది నంబరు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళది. అదే ఏడు ఫర్వానియాలో మూడు వేల దినార్లు పెట్టి కుట్టు దుకాణం తెరిచాడు. డబ్బు భాయ్‌ది. మిషన్లు భాయ్‌వి. పని భాయ్‌ది. లైసెన్సు కఫీల్‌ది. కువైత్ వాణిజ్య చట్టం, 1980 నాటిది, 23వ నిబంధనలో సాఫుగా చెబుతుంది: పరాయి దేశస్తుడు వ్యాపారం చేయాలంటే కువైత్ పౌరుడు భాగస్వామిగా ఉండాలి, పెట్టుబడిలో నూటికి 51 వంతులకు తగ్గకుండా ఆ పౌరుడిదే కావాలి. చిన్న కుట్టు దుకాణానికి ఆ 51, 49 లెక్క కూడా ఎవరూ రాసుకోరు. కాగితం మీద నూటికి నూరూ కఫీల్‌దే. భాయ్ అందులో జీతగాడు. అతని సివిల్ కార్డు మీద వృత్తి దగ్గర 'ఆమిల్' అని ఉంది. అంటే పనివాడు.

ఆ కఫీల్ కూడా మంచివాడే. మేం ఆయన పేరు రాయం. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. దుకాణంలో కూచుని భాయ్‌తో చాయ్ తాగేవాడు. జుమ్మాకు ఇద్దరూ ఒకే సఫ్‌లో, భుజానికి భుజం తగిలేట్టు నిలబడేవాళ్ళు. "మసీదులో పక్కపక్కనే ఉంటాం. బయటికొచ్చి చెప్పులేసుకోంగానే ఆయన కఫీల్, నేను ఆమిల్" అని భాయ్ ఫోన్లో నవ్వుతూ అనేవాడు. పదిహేనేళ్ళు ఏ గొడవా లేదు. నాలుగు మిషన్లయ్యాయి. నంద్యాలలో ఇల్లు ఆ మిషన్ల మీదే లేచింది. మా చదువు ఆ మిషన్ల మీదే సాగింది. చెల్లెళ్ళిద్దరి పెళ్ళిళ్ళూ వాటి మీదే జరిగాయి.

2016లో ఆ కఫీల్ చనిపోయాడు. కొడుకులు దుకాణం తమ నాయనదన్నారు. కాగితం చూపించారు. కాగితంలో నిజంగానే అట్లాగే ఉంది. మిషన్లు, బీరువాలు, కుట్టి ఉంచిన బట్టలు అన్నీ లెక్కేసి తాళం వేశారు. భాయ్ ఎక్కడికి పోతాడు? కోర్టుకు పోయి 'ఈ దుకాణం నాది' అంటే, చట్టాన్ని తప్పి వ్యాపారం చేశానని తానే ఒప్పుకున్నట్టు. ఇకామా రెన్యువల్ కాలేదు. రోజుకు రెండు దినార్ల జరిమానా మీద పడుతూ పోయింది. ఏడాదిన్నర స్నేహితుల గదుల్లో దాక్కున్నాడు. అమ్మీ పోయినప్పుడు రాలేకపోయాడు. 2018 జనవరి చివర్లో కువైత్ ప్రభుత్వం జరిమానా లేకుండా వెళ్ళిపోయేందుకు గడువిచ్చింది. ఏప్రిల్ దాకా పొడిగించింది. ఆ గడువులో వచ్చేశాడు.

అప్పుడు మేం పత్రికలో ఉన్నాం. ఆ వార్త మా చేతుల మీదుగానే పోయింది. 'కువైత్ క్షమాభిక్ష' అని శీర్షిక పెట్టాం. తెలుగు పత్రికలన్నీ ఆ మాటే రాస్తాయి. భాయ్ ఇంటికొచ్చాక పాత పేపర్లు తిరగేస్తూ ఆ శీర్షిక చూశాడు. తెలుగు మెల్లగా కూడబలుక్కుని చదువుతాడు. "క్షమ అంటే మాఫీనే గదా? భిక్ష అంటే భీఖ్‌నే గదా?" అని అడిగాడు. ఔనన్నాం. "నేనేం తప్పు చేసినాను రా, మాఫీ చేసేదానికి? ఎవర్ని భీఖ్ అడిగినాను?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఆ మాట ఎన్నిసార్లు రాశామో లెక్క లేదు. రాసిన ప్రతిసారీ మా భాయ్ లాంటి ఒకణ్ణి ముద్దాయిని చేసి, బిచ్చగాణ్ణి చేసి పంపామన్నమాట. మళ్ళీ ఆ మాట రాయలేదు.

*

నంద్యాలలో మేం తురకోళ్ళం. కోపమొస్తే పాకిస్తానోళ్ళం. హైదరాబాదు పోతే మా ఉర్దూ విని 'కడప సైడా?' అని నవ్వుతారు. కువైత్‌లో భాయ్ పేరు ఇరవై రెండేళ్ళూ 'హిందీ'. అరబ్బీలో హిందీ అంటే హిందుస్తానీ. 'యా హిందీ' అని పిలిస్తే పలకాలి. నమాజు చదువుతావా, రోజా ఉంటావా అని ఇకామా ఆఫీసులో ఎవరూ అడగరు. ఏ దేశం పాస్‌పోర్టు అని అడుగుతారు. 'అరబ్బు దేశాలు మీవేగా' అని మాతో అనే మిత్రులకు ఈ సంగతి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాం. ఇక్కడ మా దేశభక్తికి రుజువులు అడుగుతారు. అక్కడ రుజువు అడక్కుండానే హిందుస్తానీ అని ముద్ర వేస్తారు. మమ్మల్ని ఏ పేచీ లేకుండా భారతీయులుగా ఒప్పుకున్నది ఆ ఇకామా ఆఫీసు ఒక్కటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిజాం కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు సైనికులుగా హైదరాబాదు వచ్చారు. వాళ్ళున్న బ్యారక్సే బార్కస్ అయింది. 1948 తర్వాత కొందరిని తిప్పి పంపారు గానీ, మిగిలినవాళ్ళు ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, దుకాణాలు పెట్టుకున్నారు. వాళ్ళ పిల్లల బోర్డుల మీద వాళ్ళ పేర్లే ఉన్నాయి. అరబ్బు మన దగ్గరికొచ్చి ముఖీమ్ అయ్యాడు. మనవాడు అరబ్బు దగ్గరికి పోయి ముసాఫిర్‌గానే మిగిలాడు.

ఈ మాటలు మాకు నమాజు నేర్పినప్పుడే నేర్పారు. ప్రయాణంలో ఉన్నవాడు ముసాఫిర్. అతనికి నాలుగు రకాత్‌ల నమాజు రెండే. ఎక్కడైనా పదిహేను రోజులు ఉండాలని సంకల్పించుకుంటే హనఫీల లెక్కలో ముఖీమ్ అయిపోతాడు. నాలుగూ చదవాలి. భాయ్ కువైత్‌లో దిగిన రోజు నుంచీ నాలుగూ చదివాడు. అల్లా దగ్గర పదిహేను రోజులకే అక్కడివాడయ్యాడు. సర్కారు దగ్గర ఇరవై రెండేళ్ళకూ కాలేకపోయాడు.

ఇకామా అన్నా, మా మసీదుల్లో నమాజుకు లేచి నిలబడమని పిలిచే ఇఖామత్ అన్నా ఒకటే అరబ్బీ మాట. కఫీల్ అన్న మాట ఉన్న చోటే కిఫాలత్ ఉంది. ఉర్దూలో అది అనాథను సాకడం. వ్యాపార లైసెన్సును అక్కడ రుఖ్సా అంటారు. మా ఇళ్ళల్లో రుఖ్సత్ అంటే ఆడపిల్లను సాగనంపడం. సౌదీలో పౌరుడి పేరు చాటున పరాయివాడు వ్యాపారం చేస్తే దాన్ని తసత్తుర్ అంటారు. మాట మూలంలోనే పరదా ఉంది. దానికి 1989 నుంచీ చట్టాలున్నాయి. 2020లో తెచ్చిన కొత్త చట్టంలో ఐదేళ్ళ దాకా జైలు, యాభై లక్షల రియాళ్ళ దాకా జరిమానా. మా భాష మాటలే అక్కడ మా మీద కేసులుగా మారాయి. ఉర్దూ వచ్చినందుకు గర్వపడాలో, ఏడవాలో ఆ కాగితాల ముందు తెలియలేదు.

*

అయితే కాలం అక్కడా మారింది. అది కూడా రాయాలి. వాడు తెచ్చిన కాగితాలు మేం రెండు రోజులు చదివాం.

యు.ఎ.ఇ.లో 1984 నాటి కంపెనీ చట్టం కూడా 51 వంతులు పౌరుడికే అనేది. జబల్ అలీ లాంటి ఫ్రీజోన్లలో మాత్రం, 1985 నుంచీ, పరాయివాడు పూర్తిగా తన పేరు మీద కంపెనీ పెట్టుకునే వీలుండేది. 2020లో కంపెనీ చట్టాన్ని సవరించారు. 2021 నుంచి చాలా వ్యాపారాలకు ఊళ్ళో కూడా నూటికి నూరు వంతులు పరాయివాడి పేరు మీదే పెట్టుకోవచ్చు. ముందు లైసెన్సు. ఆ లైసెన్సు మీద భాగస్వామిగా నివాస వీసా, మామూలుగా రెండేళ్ళకు. వైద్య పరీక్ష, ఎమిరేట్స్ ఐ.డి. ఆ తర్వాత తన కింద పనిచేసేవాళ్ళకు వర్క్ పర్మిట్లు. ఫ్రీజోన్ లైసెన్సు చవగ్గా ఉంటుందని ఏజెంట్లు చెబుతారు. దానితో ఊళ్ళో దుకాణం తెరవాలంటే మళ్ళీ విడిగా అనుమతి కావాలి. కుట్టు దుకాణం మనుషులు నడిచే సందులో ఉండాలి, ఆఫీసు గదిలో కాదు. ఈ తేడా వాడికి ఏజెంటు చెప్పలేదు.

లైసెన్సు ఉన్నంతకాలమే వీసా. వ్యాపారం మూతపడితే వీసా పోతుంది. ఆరు నెలలకు మించి ఊళ్ళో ఉండిపోయినా మామూలు వీసా పోతుంది. 2019 నుంచి గోల్డెన్ వీసా అని పదేళ్ళది కూడా ఉంది గానీ అది డబ్బున్నవాళ్ళకూ పెద్ద చదువుల వాళ్ళకూ. సౌదీ కూడా 2019లో కఫీల్ అక్కర్లేని నివాసం ఇస్తామంది. శాశ్వతంగా కావాలంటే ఎనిమిది లక్షల రియాళ్ళు. కువైత్ 2013లో పరాయి పెట్టుబడికి పూర్తి హక్కు ఇచ్చే చట్టం తెచ్చింది, అది పెద్ద కంపెనీల కోసం. 2024 ఆగస్టులోనైతే పద్దెనిమిది నంబరు వీసావాళ్ళు కంపెనీల్లో భాగస్వాములుగా చేరడాన్ని కొన్నాళ్ళు నిలిపేసింది కూడా. మన దేశం మాత్రం తక్కువ తిందా? 2016లో మన సర్కారు కూడా పరాయి పెట్టుబడిదారులకు శాశ్వత నివాసం ఇస్తామంది. ఏడాదిన్నరలో పది కోట్లు, లేదా మూడేళ్ళలో పాతిక కోట్లు తేవాలి. ఏ దేశమైనా సంచీ చూసి తలుపు తీస్తుంది. కత్తెర, టేపు పట్టుకొచ్చినవాణ్ణి దొడ్డిదారిన రమ్మంటుంది.

ఇదంతా పరాయి దేశం సంగతి. పరాయివాడికి ఆంక్షలు పెట్టే హక్కు ఏ దేశానికైనా ఉందని అనుకుందాం. మరి సొంత దేశంలో?

శ్రీశైలం ఇప్పుడు మా నంద్యాల జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా అయినప్పుడు మాతో వచ్చింది. అక్కడ గాజులు, బొమ్మలు, చాయ్ అమ్ముకుని బతికిన తురకల కుటుంబాలున్నాయి. 2015 నవంబరులో ప్రభుత్వం 426 నంబరు జీవో తెచ్చింది. దేవస్థానం దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్ళు పాల్గొనకూడదని. 2019లో హైకోర్టు సరేనంది. కొందరు దుకాణదారులు సుప్రీంకోర్టుకు పోయారు. మతం కారణంగా వేలం నుంచి గానీ లీజు నుంచి గానీ ఎవరినీ తప్పించొద్దని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది సరే. ఢిల్లీ దాకా పోయి తెచ్చుకోవాల్సిన వర్క్ పర్మిట్ అది. 2022లో కర్ణాటకలో గుడి జాతర్ల నుంచి మావాళ్ళ అంగళ్ళను తీసేయించారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో దుకాణాల ముందు యజమానుల పేర్లు రాయాలన్నారు. సుప్రీంకోర్టు ఆపింది.

చూడండి ఈ చిత్రం. కువైత్‌లో భాయ్ పేరు బోర్డు మీద ఉండకూడదు. ముజఫర్‌నగర్‌లో పేరు బోర్డు మీద ఉండి తీరాలి. ఒకచోట పేరు దాచమంటారు, మరోచోట చూపమంటారు. రెండుచోట్లా అడిగేది ఒకటే, 'నువ్వు ఎవరి నీడన వ్యాపారం చేస్తున్నావు?' అని. ఆళ్ళగడ్డ వసారాలో అబ్బాను కూడా ఎవరూ అడగకుండానే అడిగింది అదే. కఫీల్ మాకు కువైత్‌లో మొదలవలేదు. మాకే కాదు, ఆ ఊళ్ళో దళితుడికీ, చాకలికీ, దూదేకులకూ ఒక్కొక్క వసారా ఉండేది. పేర్లు వేరు.

మా ప్రాంతాన్ని ఒకప్పుడు దత్తమండలాలు అనేవాళ్ళు. 1800లో నిజాం కుంఫిణీకి ధారాదత్తం చేసిన నేల అని. 1928లో ఇదే నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు. ఇచ్చేసిన నేల అని పిలిపించుకోవడం ఎవరికైనా నామోషీయే. ఒక నేలకే తన పేరు కావాలనిపించినప్పుడు ఒక దర్జీకి అనిపించదా?

*

మూడో రాత్రి అందరం కూచున్నాం. మేం చదివింది చదివినట్టు చెప్పాం. ఏది బాగుందో, ఎక్కడ గుంత ఉందో చెప్పాం. వాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. భాభీ ఇల్లు కుదవ వద్దంది. అది ఆమె ఇరవై రెండేళ్ళ ఎడబాటుతో కట్టుకున్న ఇల్లు. ఆమె మాట మీద మాట చెప్పే హక్కు మాకెవరికీ లేదు.

అప్పుడు భాయ్ నోరు విప్పాడు. కొడుకును ఒక్కటే అడిగాడు.

"లైసెన్సు మీద నీ పేరు ఉంటదా? ఇంకెవరి పేరూ ఉండదా?"

"ఉండదు అబ్బా."

"మిషన్ల రసీదు?"

"నా పేరు మీదే."

భాయ్ చాలాసేపు ఊరుకున్నాడు. "అట్లయితే కఫీల్ ఇప్పుడు మనిషి కాదు, కాగితం. అది మేలే. మనిషి చచ్చిపోతాడు. కాగితాన్నయితే మళ్ళీ రాయించుకోవచ్చు" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇల్లు మాత్రం వద్దు. ఇంకో రెండేళ్ళు పనిచెయ్. కూడబెట్టు. నేనూ ఇస్తా. ఓడిపోతే ఎనక్కి వచ్చేదానికి ఒక ఇల్లుండాల. నాకుండె గాబట్టి వచ్చినా" అన్నాడు.

వాడు ఒప్పుకున్నాడా అంటే పూర్తిగా ఒప్పుకోలేదు. మేనత్తలను అడుగుతానన్నాడు, స్నేహితులతో కలిసి చేస్తానన్నాడు. వయసు అట్లాంటిది. షార్జా పోయాడు. రెండేళ్ళు ఆగుతాడో ఆగడో మాకు తెలియదు. ఆగకపోయినా తప్పుపట్టలేం. అబ్బా ఆగాడు. భాయ్ ఆగాడు. ఆగినందుకు ఏమొచ్చిందో వాడు చూశాడు.

భాయ్ 2018లో వచ్చినప్పటి నుంచీ ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని కుడుతున్నాడు. వచ్చిన కొత్తలో లోను కోసం ఒక బ్యాంకుకు పోయాడు. అనుభవానికి రుజువు అడిగారు. రుజువు అంటే ఆ సివిల్ కార్డు. అందులో 'ఆమిల్' అని ఉంది. ఇరవై రెండేళ్ళ దర్జీకి తాను దర్జీనని చెప్పే కాగితం దొరకలేదు. లోను రాలేదు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. బోర్డు కూడా పెట్టలేదు. పెట్టమని మేం ఎన్నిసార్లన్నా, "తెలిసినోళ్ళు వస్తారు లే" అనేవాడు.

పిల్లవాడు వెళ్ళిన వారానికి, మాకు చెప్పకుండా, భాయ్ మున్సిపల్ ఆఫీసుకు పోయాడు. ట్రేడ్ లైసెన్సుకు దరఖాస్తు ఇచ్చి ఫీజు కట్టాడు. కాగితం వచ్చిన రోజు మేం ఇంట్లోనే ఉన్నాం. చదవమని మా చేతికివ్వలేదు. తానే కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురులో పెట్టి, తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ తన పేరు చదువుకున్నాడు. యజమాని అన్న చోట ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

ఆ కాగితాన్ని రేకు పెట్టెలో పెట్టబోతే వద్దన్నాడు. లామినేషను చేయించుకొచ్చి మిషను ఎదురు గోడకు మేకు కొట్టి తగిలించాడు.